లీలావతి కొలిచిన గాయాలు

ట్రాయ్ ఊరి అంచున ఉన్న ఆ ఆసుపత్రిలో రెండో అంతస్తు చివరి గది లీలావతిది. గదిలో ఒక బల్ల, ఒక కెమెరా, మిల్లీమీటర్లు గీసిన కాగితపు స్కేళ్ళ కట్ట, రోగి కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి ఒక ఎత్తు మంచం ఉండేవి. కిటికీ లోంచి చూస్తే పార్కింగ్ లాటు తప్ప ఇంకేమీ కనబడదు. 2008 వేసవి నుంచి దాదాపు మూడేళ్ళు ఆ గదిలో ఆమె చేసిన పని ఒక్కటే. మోకాలు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ కోతలు ఎలా మానుతున్నాయో కొలవడం.

కోతను పైన మూయడానికి అక్కడ రెండు పద్ధతులు వాడేవారు. ఒకటి స్టేపుల్స్. చర్మం అంచులు దగ్గరకు చేర్చి, టక్కు టక్కుమని పిన్నులు కొట్టుకుంటూ పోతే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. రెండు వారాల తర్వాత వాటిని ఒక్కొక్కటే పీకాలి. రెండోది జిగురు. లోపలి కుట్లు వేశాక అంచుల్ని వేళ్ళతో కలిపి పట్టుకుని, పైన ఊదారంగు జిగురు పూసి, ఆరేదాకా కదలకుండా ఉండాలి. దానికి పీకే బాధ లేదు, కొన్నాళ్ళకు అదే పొరలు పొరలుగా రాలిపోతుంది. అయితే దాని మీద నూనె గానీ క్రీము గానీ ఆయింట్‌మెంట్ గానీ తగలకూడదు. తగిలితే జిగురు మెత్తబడి ఊడివస్తుంది.

ఆ విభాగం పెద్ద డాక్టర్ హార్లన్ ఇరవై ఏళ్ళుగా స్టేపుల్స్ వాడుతున్న మనిషి. కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లు జిగురే మేలంటున్నారు. నోటి మాటలతో తేలేది కాదని ఆయన రెండు వందల మంది రోగులతో ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. ఎవరికి ఏది అన్నది ఆపరేషన్ గదిలో ఒక సీలు కవరు చింపితేనే తెలుస్తుంది. ఆ తర్వాతదంతా లీలావతి చూసుకోవాలి. డిశ్చార్జి రోజున ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసిన కాగితం రోగి చేతికివ్వాలి. రెండు వారాలకు, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఏడాదికి వాళ్ళను పిలిచి, మచ్చను కొలిచి, ఫొటో తీసి, ప్రశ్నలడిగి జవాబులు రాసుకోవాలి.

ఆమె కాకినాడలో ఎం.బి.బి.ఎస్. చదివింది. 1989లో రాజారావును పెళ్ళాడి ఈ దేశానికి వచ్చింది. రాజారావు కార్ల కంపెనీలో ఇంజనీరు, బ్రేకుల విభాగం. ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే రాయాల్సిన పరీక్షలన్నీ లీలావతి రాసింది, పాసయింది. ఆసుపత్రిలో శిక్షణ పొందే రెసిడెన్సీ సీటు కోసం మూడేళ్ళు వరసగా దరఖాస్తులు పెట్టింది. మూడేళ్ళూ రాలేదు. మూడో ఏడు అవని కడుపులో ఉంది. ఆ తర్వాత మళ్ళీ పెట్టలేదు. అవని బడికి పోవడం మొదలయ్యాక ఈ ఆసుపత్రిలో పరిశోధనల కోఆర్డినేటరుగా చేరింది. మెడలో స్టెతస్కోపు లేదు, జేబులో స్కేలు ఉంది. అందుకు ఆమె బాధపడిందో లేదో ఎవరికీ తెలియదు. ఫారాల్లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలదన్న పేరు మాత్రం వచ్చింది. వేరే విభాగాలవాళ్ళు కూడా తమ ఫారాలు తెచ్చి ఆమె చేత ఒకసారి చూపించుకుని వెళ్ళేవారు.

2008 ఏప్రిల్‌లో రాజారావు పొట్ట ఉబ్బి ఎమర్జెన్సీకి వెళ్ళాడు. పెద్ద పేగులో గడ్డ అడ్డుపడిందన్నారు. ఆ సాయంత్రమే కోశారు. బొడ్డు పైనుంచి కిందిదాకా కోసి స్టేపుల్స్‌తో మూశారు. రెండు వారాలకు నర్సు వాటిని పీకుతుంటే పక్కన నిలబడి చూసింది లీలావతి. ఎరుపు లేదు, వాపు లేదు, ఒక్క చుక్క నీరు కారలేదు. అంత చక్కగా మానిన కోతను ఆమె ఆ తర్వాత తను కొలిచిన మోకాళ్ళలోనూ ఎక్కువ చూడలేదు. లోపల మాత్రం గడ్డ అప్పటికే కాలేయానికి పాకింది. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, రాజారావుకు తెలుసు, లీలావతికి తెలుసు. మందులు తొమ్మిది నెలలు లాక్కొచ్చాయి. 2009 జనవరి మొదటి వారంలో రాజారావు పోయాడు. నలభై తొమ్మిదేళ్ళు.

అల్ఫారెట్టా నుంచి మరిది ఉదయ్ వచ్చి కర్మకాండ జరిపించాడు. ఊళ్ళోని తెలుగువాళ్ళంతా వంతులు వేసుకుని రేకు ట్రేలలో పులిహోర, ముద్దపప్పు, చపాతీలు తెచ్చి పెట్టారు. ఫ్రిజ్ నిండిపోతే గరాజ్‌లో చలికి పెట్టారు. లీలావతి ఏడవలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చింది, ఎవరి గిన్నె ఎవరిదో చీటీలు అంటించి తిరిగిచ్చింది. పక్క వీధిలో ఉండే పద్మ, పదిహేనేళ్ళుగా స్నేహితురాలు, వంటింట్లో ఆమె రెక్క పట్టుకుని ఆపింది.

"ఒక్కసారి ఏడ్చెయ్యవే. లోపల పెట్టుకుంటే ఏమైపోతావు?"

లోపల ఏమైనా ఉంటే కదా అనుకుంది లీలావతి. పైకి అనలేదు. పద్మను నొప్పించడం దేనికని సరేనంది.

పన్నెండో రోజు దాటాక రెండో రోజే పనిలోకి వెళ్ళింది. ఇంకో రెండు వారాలు ఇంట్లో ఉండమని డాక్టర్ హార్లన్ అన్నాడు. ఇంట్లో ఉండి చేసేదేమీ లేదని ఆమె చెప్పింది. అది నిజమే. అవని పొద్దున్నే హైస్కూలుకు పోయేది. తిరిగొచ్చి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఆసుపత్రిలోనైతే పదకొండింటికి ఒక మోకాలు, పదకొండున్నరకు ఇంకొకటి వస్తాయి.

మోకాలు మార్చాక బయటివైపు అరచేయంత మేర చర్మం మొద్దుబారుతుంది. కోతలో సన్నటి నరాలు తెగడం వల్ల అలా అవుతుంది, దాదాపు అందరికీ ఉంటుంది. దూది పోగుతో అక్కడ రాసి "తెలుస్తోందా?" అని అడగడం కూడా లీలావతి పనిలో ఒకటి. లేదంటారు. రాసుకుంటుంది. ఇది తిరిగొస్తుందా అని కొందరు అడుగుతారు. కొందరికి కొంత వస్తుందని, కొందరికి రాదని, నడకకు అడ్డు కాదని చెబుతుంది. ఈ మూడు మాటలూ ఎప్పుడూ ఒకే గొంతుతో చెప్పేది. పనిలో తేడా ఏమీ లేదని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

మిసెస్ నొవాక్ ఫిబ్రవరి రెండో వారంలో ఆపరేషన్ చేయించుకుంది. పేరు ఐరీన్. డెబ్బై ఒకటో ఏడు. వారెన్ ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు స్కూల్ బస్సు నడిపింది. మంచులోనైనా వానలోనైనా ఒక్కరోజు కూడా పిల్లల్ని ఆలస్యంగా దింపలేదని ఆవిడే చెప్పుకుంది. చెప్పేటప్పుడు నవ్వదు. డిశ్చార్జి చేసేముందు లీలావతి మంచం పక్కన నిలబడి కాగితం ఇచ్చి, పైన ఆవిడ పేరు, తేదీ తన చేత్తో రాసి, సందేహాలుంటే ఫోన్ చేయమని చెప్పింది. మిసెస్ నొవాక్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. మడిచి బ్యాగులో పెట్టుకుంది. అడగడానికి ఆవిడకు ఏ సందేహమూ లేదు.

ఇంటికెళ్ళిన పదో రోజున ఫిజియోథెరపీలో మోకాలు వంచుతుండగా కోత విచ్చుకుంది. రెండంగుళాలు. ప్యాంటు తడిసి, బూటులోకి కారింది. అంబులెన్సులో తెచ్చారు. మోకాలిలో కొత్త లోహం ఉంది కాబట్టి చీము పట్టిందంటే మొత్తం తీసేయాల్సి వస్తుంది. ఆ సాయంత్రమే మళ్ళీ ఆపరేషన్ గదికి తీసుకెళ్ళి, కడిగి, ఈసారి స్టేపుల్స్ వేశారు. పొడి పొరగా గట్టిగా ఉండాల్సిన జిగురు మెత్తగా, జిడ్డుగా ఉందని, ఏదో ఆయింట్‌మెంట్ రాసినట్టుందని రిపోర్టులో రాశారు. మర్నాడు డాక్టర్ హార్లన్ లీలావతిని పిలిచి ఆ వాక్యం చూపించాడు. మనం ఎంత చెప్పినా ఇంటికెళ్ళాక వీళ్ళు తోచింది రాస్తారని, రోగి సూచనలు పాటించలేదని రాసేయమని అన్నాడు. మంచి మనిషే. రోజూ చూసేదే చెప్పాడు.

అది రాయడానికి ముందు ఫొటో తీయాలి. లీలావతి కెమెరా తీసుకుని వార్డుకు వెళ్ళింది. మిసెస్ నొవాక్ మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. రాత్రంతా నిద్రలేదంది. ఫొటో అయ్యాక బ్యాగు అందుకుని మడిచిన కాగితం తీసింది.

"నేను ఒక్క పూట కూడా తప్పలేదు. చూడు," అంది ఇంగ్లీషులో.

కాగితం మూలల్లో ఫ్రిజ్‌కు అంటించిన టేపు ముక్కలు ఇంకా ఉన్నాయి. మార్జిన్లో తొమ్మిది రోజులకు పద్దెనిమిది టిక్కులు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ టిక్కుల పక్కన అచ్చులో ఉన్న వాక్యం: రోజుకు రెండుసార్లు శుభ్రం చేసి పలచగా ఆయింట్‌మెంట్ రాయండి. అది స్టేపుల్స్ వేసినవాళ్ళకు ఇచ్చే కాగితం. జిగురు వేసినవాళ్ళకిచ్చేది వేరే. రెండూ తెల్లవే, రెండింటి మీదా ఆసుపత్రి గుర్తు ఒకటే, ఒకే సొరుగులో రెండు అరల్లో ఉంటాయి. పైన ఐరీన్ నొవాక్ అని లీలావతి చేతిరాత స్పష్టంగా ఉంది.

"ఇది నేను తీసుకోవచ్చా?" అని అడిగింది లీలావతి.

తీసుకో అంది మిసెస్ నొవాక్. ఇంక దాంతో నాకేం పని అంది. ఆవిడకు తట్టలేదు. రెండో కాగితం ఒకటుంటుందని తెలిస్తే కదా తట్టడానికి.

లీలావతి దాన్ని కోటు జేబులో పెట్టుకుంది. ఆ రోజంతా అది అక్కడే ఉంది. మర్నాడు కూడా ఉంది. ఆ రెండు రోజుల్లో ఏడుగురి మోకాళ్ళు కొలిచింది. గుండెలు అదరాలి, కడుపులో తిప్పాలి, చేతులు చల్లబడాలి. మామూలు మనిషికి ఇలాంటప్పుడు ఏమవుతుందో ఆమెకు తెలుసు. అవేమీ కాలేదు. మధ్యాహ్నం ఆకలేసింది, పెరుగన్నం తిన్నది. కాగితం బయటికి తీయకపోతే ఈ సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినప్పుడు అందులో భయమూ లేదు, ఆశా లేదు. కిటికీ లోంచి పార్కింగ్ లాటును చూసినట్టు దాన్ని చూసింది. తనకు ఏమీ అనిపించకపోవడమే వింతగా అనిపించింది. ఇలా ఏమీ అనిపించని స్థితిలో ఇంకెందరికి ఏ కాగితాలు ఇచ్చానో అని అప్పుడు తోచింది.

జనవరిలో తను తిరిగొచ్చిన నాటి నుంచి జిగురుతో ఇంటికి వెళ్ళినవాళ్ళ జాబితా తీసింది. మిసెస్ నొవాక్ కాక పది మంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. మీ కాగితం మీద మూడో లైన్లో ఏముందో చదివి వినిపించండి అంది. కొందరు వెతకడానికి వెళ్ళి పది నిమిషాలకు వచ్చారు. తొమ్మిది మంది సరైనదే చదివారు. క్లాసన్‌లో ఉండే ఒక పెద్దాయన మాత్రం కాగితం కార్లో సీటు కింద పడి ఉందని, ఇంతవరకు చూడనే లేదని చెప్పి, పార్కింగ్‌లోకి వెళ్ళి తెచ్చి చదివాడు. ఆయింట్‌మెంట్ రాయమని ఉంది. రాశారా అని అడిగింది. ఏమీ రాయలేదన్నాడు, బద్ధకమని ఒప్పుకున్నాడు. ఇకమీదా రాయకండని చెప్పి, సరైన కాగితం ఆ రోజే పోస్టు చేసింది.

ఆ తర్వాత తప్పులు జరిగితే నింపే ఫారం తీసుకుని కూర్చుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి, దానివల్ల జరిగిన హాని, అన్నీ నింపింది. మిసెస్ నొవాక్ కాగితం దానికి జత చేసి డాక్టర్ హార్లన్ బల్ల మీద పెట్టింది. ఆయన రెండూ చదివాడు. కిటికీ వైపు చూశాడు. నిన్ను అంత తొందరగా పనిలోకి రానివ్వకుండా ఉండాల్సింది అన్నాడు. ఫారంలో కారణం అన్నచోట ఆమె 'కాగితం శీర్షిక చూడకుండా ఇచ్చాను' అని రాసింది. అక్కడ ఇటీవల భర్త మరణం అని చేర్చమన్నాడు. అధ్యయనాలను పర్యవేక్షించే కమిటీవాళ్ళు అర్థం చేసుకుంటారు, నీ ఉద్యోగానికి మంచిది అన్నాడు.

లీలావతి ఒప్పుకోలేదు. "అది కారణం కాదు డాక్టర్. నేను చూడలేదు, అంతే."

ఆయన బలవంతపెట్టలేదు. ఇంకొక్కటి అడిగాడు. ఆవిడకు ఎవరు చెప్పాలి? పెద్ద డాక్టరుగా తను చెప్పడం పద్ధతి. నేనే చెబుతాను, మీరు పక్కన ఉండండి అంది లీలావతి. ఇద్దరూ కలిసి వార్డుకు వెళ్ళారు.

మిసెస్ నొవాక్ మొదట అర్థం చేసుకోలేకపోయింది. లీలావతి రెండు కాగితాలూ దుప్పటి మీద పక్కపక్కన పెట్టి, మీకు ఇవ్వాల్సింది ఇది, నేనిచ్చింది ఇది అని వేలుతో చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండూ చదివింది. తీరిగ్గా చదివింది. చదివేటంతసేపూ డాక్టర్ హార్లన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అంటే నువ్వు చెప్పినట్టు చేసినందుకు నాకు ఇలా అయింది," అంది.

"అవునండీ."

"నేను చేయకపోయుంటే బాగుండేదాన్ని."

"అవునండీ."

ఆవిడ తిట్టలేదు. కాగితాలు మడిచి డాక్టర్ హార్లన్ చేతికిచ్చింది, లీలావతికి ఇవ్వలేదు. ఇకనుంచి తన కాలు వేరే ఎవరైనా చూడాలని ఆయనతోనే చెప్పింది. లీలావతి గదిలోంచి వచ్చేసి, వార్డు చివర సింకులో చేతులు కడుక్కుంది. ఎందుకు కడుక్కుందో తెలియదు. ఆవిణ్ణి ముట్టుకోను కూడా లేదు.

కమిటీ అధ్యయనాన్ని ఐదు వారాలు ఆపేసింది. లీలావతిని మొదటి వారం ఇంట్లో ఉండమంది. తర్వాత ఆరు నెలలపాటు డిశ్చార్జి కాగితాలు ఆమె ఇవ్వకూడదని, కొలతలు మాత్రం చూడవచ్చని చెప్పింది. జిగురు కాగితాన్ని పసుపు రంగు మీద అచ్చువేయించారు. ఆ సలహా ఆమెదే.

ఇంట్లో ఉన్న వారంలో ఆదివారం మధ్యాహ్నం, డ్రయర్ లోంచి తీసిన బట్టలు సోఫా మీద పోసుకుని తల్లీకూతుళ్ళు మడతపెడుతున్నారు. అవనికి అప్పటికి పదిహేనేళ్ళు. తల్లి ఎందుకు పనికి వెళ్ళడం లేదో వారం నుంచీ అడగాలని ఉండి అడగలేదు. అప్పుడు అడిగింది. రోగి పేరు చెప్పకుండా లీలావతి జరిగింది జరిగినట్టు చెప్పింది. అవని వింటూ ఒక తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"సో ఆ లేడీకి నువ్వే చెప్పావు," అంది.

"చెప్పాను."

"షీ డిడ్న్ట్ నో కదా. నువ్వు చెప్పకపోతే తెలీదు కదా."

"తెలీదు."

అవని ఇంకో తువ్వాలు తీసుకుంది. తర్వాత తల ఎత్తకుండా అంది. "నాన్న స్టేపుల్స్ తీసిన డే నువ్వు కార్‌లో చెప్పావు నాకు. బ్యూటిఫుల్‌గా హీల్ అయింది అని. నేను నాన్న ఓకే అనుకున్నాను అమ్మా. స్కూల్లో అందరికీ చెప్పేశాను, మై డాడ్ ఈజ్ ఫైన్ అని. అప్పుడు నీకు తెలుసా?"

లీలావతి చేతిలో రాజారావు బనీను ఉంది. అది బట్టల్లో ఎలా కలిసిందో మరి. "తెలుసు," అంది.

"ఆవిడకి చెప్పావు. నాకు చెప్పలేదు."

దీనికి పెద్దవాళ్ళు చెప్పే జవాబులన్నీ లీలావతికి తెలుసు. నువ్వు చిన్నపిల్లవి, పరీక్షలున్నాయి, నాన్నే వద్దన్నారు. మూడోది నిజం కూడా. అయినా అవేవీ చెప్పలేదు. బనీను పక్కన పెట్టి, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఏప్రిల్లో స్కాన్‌లో ఏం కనబడింది, కాలేయంలో ఎన్ని మచ్చలు, డాక్టరు ఎన్ని నెలలన్నాడు, ఆగస్టులో మందు మార్చినప్పుడు ఎందుకు మార్చారు, నవంబర్లో నాన్న ఇక చాలని తనతో ఎప్పుడన్నాడు. తేదీలతో సహా చెప్పింది. రోగి చరిత్ర రాసినట్టు, ఏదీ వదలకుండా, గొంతు మారకుండా చెప్పింది. మధ్యలో అవని ప్రశ్నలు అడిగింది. నాకు డ్రైవింగ్ నేర్పిస్తానని నాన్న అన్నప్పుడు నాన్నకు తెలుసా అని అడిగింది. తెలుసు అని చెప్పింది లీలావతి. అక్కడ అవని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తల తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టుకుంది.

లీలావతి వీపు రాస్తూ కూర్చుంది. అవని కన్నీళ్ళు ఆమె ముంజేతి మీద పడ్డాయి. తడి తెలిసింది. వేడిగా ఉందని కూడా తెలిసింది. తనకూ ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. రాకపోయినా చేయి తీయలేదు. వెలుతురు తగ్గేదాకా అలాగే కూర్చున్నారు. ఆ తర్వాత అవని లేచి ముఖం కడుక్కుని వచ్చి, మిగతా బట్టలు మడతపెట్టింది. తండ్రి బనీను తన గదికి తీసుకెళ్ళింది. ఆ రోజు నుంచి తలుపు వేసుకోవడం మానిందని చెప్పలేం. కానీ అప్పుడప్పుడు తెరిచి ఉంచేది.

మిసెస్ నొవాక్ కాలుకు చీము పట్టలేదు. ఆరు వారాల విజిట్‌లో ఆవిడ కోరినట్టే వేరే నర్సు చూసింది. మూడు నెలలప్పుడు ఆ నర్సు సెలవులో ఉంది. వేరే రోజు రావాలా అని ఆవిడ ముందు గదిలో కూర్చుని ఆలోచించి, ఇంత దూరం వచ్చాక మళ్ళీ ఎవరొస్తారు అని, లీలావతి గదిలోకి వచ్చి కాలు చాపింది. లీలావతి కొలిచింది. విచ్చుకున్న చోట మచ్చ తొమ్మిది మిల్లీమీటర్ల వెడల్పు, మిగతా అంతా రెండు. దూదితో రాసి తెలుస్తోందా అని అడిగితే లేదని తల ఊపింది. వెళ్ళేటప్పుడు తలుపు తనే వేసుకుని వెళ్ళింది.

ఏడాది విజిట్ 2010 ఫిబ్రవరిలో. ఆ నర్సు ఊళ్ళోనే ఉన్నా, ఫోన్‌లో ఎవరు కావాలని అడిగితే ఎవరైనా పర్వాలేదందట మిసెస్ నొవాక్. నడక బాగుంది. చర్చి మెట్లు కర్ర లేకుండా ఎక్కుతున్నానని చెప్పింది. మోకరిల్లడం కుదరడం లేదంది, మోకాలు కింద ఆనించితే చెక్క మీద చెక్క పెట్టినట్టుందట. అందరూ అంతేనని, దానికి కోతతో సంబంధం లేదని లీలావతి చెప్పింది. నువ్వు చెప్పేది నమ్మొచ్చా అని అడిగింది మిసెస్ నొవాక్. అది వెటకారమో నిజంగా అడిగిందో తెలియలేదు. నమ్మవచ్చు, కావాలంటే డాక్టర్ హార్లన్‌ను కూడా అడగండి అంది లీలావతి. తర్వాత అడుగుతానందావిడ.

చివరి ప్రశ్న ఒకటుంది. మీ మచ్చ చూస్తే మీకెంత తృప్తిగా ఉంది, సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పండి. చాలామంది ఎనిమిదో తొమ్మిదో అంటారు. కొలిచే మనిషి ముఖం చూసి ఒకటి కలిపి చెప్పేవాళ్ళూ ఉంటారు. మిసెస్ నొవాక్ వంగి మోకాలు వైపు చూసింది. లీలావతి వైపు చూసింది.

"మూడు," అంది.

లీలావతి మూడు అని రాసింది. రాస్తుంటే పెన్ను ఆ అంకె మీద ఒక్క క్షణం ఆగింది. మంచినీళ్ళు తాగింది. మిసెస్ నొవాక్ ప్యాంటు అంచు కిందికి లాక్కుని, బూటు లేసు కట్టుకోవడానికి వంగలేక అవస్థపడుతుంటే, అడగకుండానే కింద కూర్చుని కట్టింది. ఆవిడ వద్దనలేదు. ఇంకొంచెం వదులుగా కట్టమంది.

అధ్యయనం 2011లో ముగిసింది. ఫలితాల్లో అబ్బురపడేదేమీ లేదు. స్టేపుల్స్‌తో మూయడం కొన్ని నిమిషాలు తొందరగా అవుతుంది. జిగురు వేసినవాళ్ళకు పీకించుకునే బాధ తప్పుతుంది. స్టేపుల్స్ వేసినవాళ్ళకు మొదటి రెండు రోజులు తడి కొంచెం ఎక్కువగా కనబడింది, ఏడాది తిరిగేసరికి రెండు రకాల మచ్చలూ ఒకేలా ఉన్నాయి. డాక్టర్ హార్లన్ స్టేపుల్స్ మానలేదు, కుర్ర డాక్టర్లు జిగురు మానలేదు. వ్యాసం ఒక వైద్య పత్రికలో అచ్చయింది. ఆయన ఒక కాపీ లీలావతికి ఇచ్చి, ఈ గదిలో తర్వాత తుంటి ఆపరేషన్ల మీద ఇంకో అధ్యయనం మొదలవుతుందని, ఆమే చూడాలని అన్నాడు. ఆమె సరేనంది.

ఆ సాయంత్రం కాపీ డైనింగ్ టేబుల్ మీద ఉంటే అవని తీసి చదివింది. అప్పటికి కాలేజీలకు దరఖాస్తులు పెడుతోంది, మెడిసిన్ వద్దని గట్టిగా చెబుతోంది. పట్టికల్లో వేలు పెట్టి వెతికి ఒకచోట ఆగింది.

"జిగురు గ్రూప్, వూండ్ ఓపెన్ అయింది, ఒకటి. ఇన్‌స్ట్రక్షన్స్‌లో ఎర్రర్ అని రాశారు. ఇది ఆ లేడీనా?"

"ఆవిడే."

"ఒక్క లైనే ఉంది అమ్మా."

"అంతే ఉంటుంది," అంది లీలావతి. చారు గిన్నె తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఆ కాగితాలు కొంచెం జరపమంది, మీద చుక్కలు పడతాయని.